‘ఫోల్డ్’ అంటే మడతేనా? డబ్బింగ్ షీటులో ఇరుక్కుపోయాను, సాయం చేయండి

డబ్బింగ్‌దాసు

అందరికీ నమస్కారం. ఇంగ్లీషు సీరియళ్లకు తెలుగు మాటలు రాస్తుంటాను. ఈ పనిలో చాలాసార్లు బొమ్మ ఇవ్వరు. ఒక ఎక్సెల్ షీటు పడేస్తారు. ఎడమ గడిలో ఇంగ్లీషు, కుడి గడి ఖాళీ. ఎవరు ఎవరితో, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో మనమే ఊహించుకోవాలి.

ఇప్పుడు చేస్తున్న ఎపిసోడ్ రాసినాయనకి ఈ మాట మీద ఎందుకంత మోజో తెలీదు, ఎక్కడ చూసినా ఫోల్డే. తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నా, చూడండి:

‘వాట్ హ్యాపెన్డ్ టు మార్కస్?’ అని ఒకడు అడుగుతాడు. ‘హీ ఫోల్డెడ్.’ అంతే జవాబు.

‘ద పేపర్ ఫోల్డెడ్ ఇన్ ఎయిటీ సిక్స్.’

‘ఫోల్డ్ ఇన్ ద ఎగ్ వైట్స్.’

‘హీ ఈజ్ బ్యాక్ ఇన్ ద ఫోల్డ్.’

‘పుట్ ఇట్ అబవ్ ద ఫోల్డ్.’

‘ఎ టెన్‌ఫోల్డ్ ఇంక్రీజ్.’

సరదాకి మెషీన్‌ని అడిగితే రెండోదానికి ‘ఆ పేపరు 86లో మడతపడింది’ అంది. పేపరు మడతపడటం రోజూ తెల్లారగానే జరిగేదే కదా, దానికి సంవత్సరం ఎందుకు? డిక్షనరీలో అర్థాలు బోలెడున్నాయి గానీ, తెలుగువాడి నోట్లో ఏది పలుకుతుందో అది చెప్పదు. తలా ఒక చెయ్యి వేయండి.

పేకముక్క

మార్కస్ గారు పేకాటలో ఉన్నారా లేదా అన్నది ముందు తేల్చండి. పోకర్‌లో ఫోల్డ్ అంటే చేతిలో ముక్కలు బోర్లా పడేసి ఆ ఆటలోంచి తప్పుకోవడం. అప్పటిదాకా మధ్యలో వేసిన డబ్బుకి నీళ్లొదిలినట్టే, కానీ కొత్తగా పెట్టక్కర్లేదు.

తెలుగువాళ్లెవరూ ఆడేటప్పుడు ‘ఫోల్డ్’ అనరు. మూడు ముక్కలాటలో ‘ప్యాక్’ అంటాం. రమ్మీలో ‘డ్రాప్’. ఈ రెండూ ఒకటి కాదు. ప్యాక్‌లో పెట్టింది పోతుంది, అంతటితో సరి. డ్రాప్‌కి జరిమానా ఉంటుంది. 101 పూల్ ఆటలో ముక్క తీయకముందే డ్రాప్ అంటే 20 పాయింట్లు, ఒకసారి తీశాక అంటే 40. కాబట్టి పోకర్ సీనైతే ‘ప్యాక్ అన్నాడు’ అని రాయండి. సంక్రాంతికి పేక పట్టినవాడెవడైనా అర్థం చేసుకుంటాడు.

మోడరేటర్ గారూ, డబ్బులు పెట్టి ఆడమని నేను చెప్పడం లేదు.

పాతడెస్కు

దాసు గారూ, ముప్ఫై ఏళ్లు పేపరు డెస్కులో కూర్చున్న వాణ్ణి. మీ లిస్టులో రెండు నావే.

సంస్థ ‘ఫోల్డ్’ అయిందంటే మూతపడింది అని. తెలుగులో దీనికి మాటలు చాలానే ఉన్నాయి గానీ ఒక్కోదానికి ఒక్కో వాసన. ‘బోర్డు తిప్పేసింది’ అంటే జనం డబ్బులు మింగి రాత్రికి రాత్రి మాయమైంది. ‘బిచాణా ఎత్తేశారు’ అంటే మోసం ఉందో లేదో గానీ గుట్టుచప్పుడు కాకుండా జారుకున్నారు. ‘దుకాణం సర్దేశారు’లో కొంచెం వెటకారం ఉంది. ఇంగ్లీషు ఫోల్డ్‌లో ఇవేవీ లేవు. నడపలేక ఆపేశారు, అంతే. పత్రిక విషయంలో మేం ‘ఆగిపోయింది’ అంటాం. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసులో దినపత్రికగా మారి, 1991లో ఆగిపోయింది. దాన్ని ‘బోర్డు తిప్పేసింది’ అని రాస్తే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆత్మ క్షోభిస్తుంది. కాబట్టి మీ లైను ‘ఆ పేపరు 86లోనే ఆగిపోయింది’.

ఇంకో ఫోల్డ్ ఆటల పేజీలో రోజూ తగిలేది. జట్టు తక్కువ స్కోరుకి ఫోల్డ్ అయితే మా స్పోర్ట్స్ డెస్కు కళ్లు మూసుకుని ‘చాప చుట్టేసింది’ అని కొట్టేసేది. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో మనవాళ్ల రెండో ఇన్నింగ్స్ 36 దగ్గర ముగిసినప్పుడూ అదే. 2023 సెప్టెంబరులో కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో శ్రీలంక 50కే చాప చుట్టినప్పుడు మాత్రం ఆ మాట హాయిగా ఉంది. మన హైదరాబాద్ సిరాజ్ 21 పరుగులకు 6 వికెట్లు తీశాడు, అందులో నాలుగు ఒకే ఓవర్లో. చూశారా, ఇంగ్లీషులో మడిచారు, తెలుగులో చుట్టారు. పెద్ద దూరం లేదు.

ఇక ‘అబవ్ ద ఫోల్డ్’. పెద్ద సైజు పేపరుని అడ్డంగా సగానికి మడిచి స్టాండులో పెడతారు. నడిచిపోయేవాడికి కనిపించేది పై సగమే. పేపరు కొనాలా వద్దా అన్నది ఆ సగం తేలుస్తుంది. అందుకని పతాక శీర్షిక, పెద్ద ఫొటో అక్కడ పడాలి. మా పేజీలు పెట్టే కుర్రాడికి నేను రోజూ చెప్పే జాగ్రత్త ఒకటుండేది: ఫొటో మడత మీదుగా వచ్చినా ఫరవాలేదు, మనిషి ముక్కు మీదుగా మాత్రం మడత వెళ్లకూడదు. మర్నాడు ఫోన్లు వస్తాయి. వెబ్‌సైటు వాళ్లు ఇదే మాట ఎత్తుకెళ్లి, తెర కిందికి జరపకుండా కనిపించే భాగానికి పెట్టుకున్నారు. అక్కడ మడతా లేదు, పాడూ లేదు. మీ సీనులో మాట్లాడేది ఎడిటరైతే ‘మొదటి పేజీలో పైన వెయ్యి’ చాలు.

కొత్తసభ్యుడు_77

కుర్చీ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి?

నిర్వాహకుడు

ఎత్తరు. ఎత్తితే పోస్టు ఎత్తేస్తాను.

ఆత్రేయపురం_కోడలు

ఎగ్ వైట్స్ లైను నాకు వదిలేయండి అన్నయ్యా. గుడ్డు తెల్లసొనని బాగా గిలక్కొడితే నురగలా పొంగుతుంది. ఆ పొంగంతా లోపల చేరిన గాలే. దాన్ని కేకు పిండిలో వేసి గరగరా తిప్పేస్తే గాలి పోయి కేకు అట్టముక్క అవుతుంది. అందుకే వెడల్పాటి గరిటెని గిన్నె అంచు నుంచి అడుగుకి దించి, కింద ఉన్న పిండిని మెల్లగా పైకి తెచ్చి నురగ మీద కప్పాలి. గిన్నె కొంచెం తిప్పుకుని మళ్లీ అదే. ఈ కప్పడాన్నే ఫోల్డ్ అంటారు.

మన యూట్యూబ్ అక్కలందరూ ‘కట్ అండ్ ఫోల్డ్ పద్ధతిలో కలుపుకోవాలి’ అనే అంటున్నారు, ఊళ్లో ఆడవాళ్లకి కూడా అలవాటైపోయింది. మీ పాత్ర వంటవాడైతే అలాగే ఉంచండి. ఇంట్లో బామ్మ అయితే ‘నురగ చావకుండా కింద నుంచి పైకి కలుపు’ అంటుంది.

మా దగ్గర అసలు సిసలు మడత పని ఇంకోటుంది, పూతరేకు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి పాలల్లో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. ఆ రేకు ఎండి పెళుసుగా ఉంటుంది. అలాగే మడిస్తే ముక్కలే. అందుకని తడిబట్ట మీద పరిచి, అది మెత్తబడేదాకా ఆగి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో జల్లి, రెండు పక్కలూ లోపలికి మడిచి పొడుగ్గా మడుచుకుంటూ వస్తాం. తడి ఎక్కువైతే అంటుకుపోతుంది, తక్కువైతే విరుగుతుంది. చేసేదంతా మడతే, అయినా ‘పూతరేకులు మడిచావా’ అని ఎవరూ అడగరు. ‘చుట్టావా’ అంటారు. డెస్కు బాబాయి గారు చెప్పిన చాప లాంటిదే అనుకోండి. 2023లో మా పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, సందర్భం లేకపోయినా చెప్పకుండా ఉండలేను.

మందవెనక

మాది పాలమూరు దిక్కు, గొర్ల కుటుంబం. ‘బ్యాక్ ఇన్ ద ఫోల్డ్’లో ఫోల్డ్ అంటే మడత కాదు, గొర్రెల దొడ్డి. మంద నుంచి తప్పిన గొర్రె మళ్లీ దొడ్డికి చేరిందని. తెలుగు బైబిల్లో యోహాను సువార్త 10వ అధ్యాయం తీయండి, గొర్రెల దొడ్డి అనే ఉంటుంది.

ఇంగ్లీషులో ‘ఫోల్డింగ్ షీప్’ అని వ్యవసాయం మాట కూడా ఉంది. కోత అయిన చేనులో తడికలు పాతి, రాత్రి గొర్రెల్ని అందులో నిలపడం. మర్నాడు తడికలు పీకి పక్క చెక్కలోకి జరుపుతారు. చేను మొత్తం పెంటా మూత్రమూ పడి బలం పడుతుంది. ఇంగ్లండులో శతాబ్దాల పాటు చేసిన పని ఇది. మేం చేసేదీ అదే, మంద పెట్టడం అంటం. ఎండాకాలం రైతు వచ్చి ‘మా చేన్ల మంద పెట్టు’ అని అడుగుతడు, రాత్రికి ఇంతని పైసలో వడ్లో మాట్లాడుకుంటం. ఎరువు బస్తా వచ్చినంక తగ్గింది గానీ, బంద్ కాలేదు. గొర్రె రాత్రంతా ఒక్కచోట పండుకోదు. నడుమ లేపి నాలుగు అడుగులు జరిపితేనే పెంట చేనంతా సమంగా పడుతుంది, లేకుంటే ఒక మూల కుప్ప, ఇంకో మూల ఏం ఉండదు. అందుకని మంద పెట్టినోడికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

పాతడెస్కు

మందవెనక గారు చెప్పింది బంగారం. పేపర్లో అయితే ఈ ఫోల్డ్‌కి మాకు రెడీమేడ్ మాట ఉంది: ‘సొంత గూటికి’. ఎన్నికల ముందు ఎమ్మెల్యే ఎవరైనా పాత పార్టీలోకి దూకితే ‘సొంత గూటికి చేరిన ఫలానా’ అని శీర్షిక. గొర్రెని పిట్టగా మార్చేశాం. నాయకుణ్ణి గొర్రె అంటే కేసు పెడతాడు, పిట్ట అంటే ఊరుకుంటాడు.

మిన్నెసోటా_మావయ్య

దాసు, నీ షీటులో ఉన్నది ఒక మాట కాదయ్యా, రెండు. దొడ్డి అనే ఫోల్డ్, మడత అనే ఫోల్డ్ పాత ఇంగ్లీషులో వేర్వేరు మాటలు, వేర్వేరు స్పెల్లింగులు. వాడుకలో అరిగి అరిగి ఒకేలా అయిపోయాయి. ‘బ్లైండ్‌ఫోల్డ్’ ఇంకా విచిత్రం. కళ్లకి గంతలు కట్టడం అంటే గుడ్డ మడిచి కడతారు కాబట్టి ఫోల్డ్ అనుకుంటాం. అసలు అది ‘గుడ్డివాడయ్యేలా కొట్టడం’ అనే అర్థమున్న పాత మాట. దాని తోక జనం నోట్లో పడి ఫోల్డ్‌గా మారింది.

‘టెన్‌ఫోల్డ్’లోది మాత్రం నిజమైన మడతే. ఇక్కడ మన భాష కూడా అచ్చం ఇదే దారిలో నడిచింది. ‘ఇనుమడించింది’ అంటాం కదా, అందులో ‘మడి’ అంటే మడతే. ఇరు మడి, రెండు మడతలు. ‘ఇబ్బడి ముబ్బడిగా’ అంటే రెండింతలు మూడింతలుగా. కన్నడంలో ఇది ఇంకా బాహాటం, రాజుల పేర్లలోనే ఉంది: ఇమ్మడి పులకేశి అంటే రెండో పులకేశి, ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు మూడో ఆయన, నాల్వడి ఆయన నాలుగో వాడు. లాటిన్ వాళ్లదీ అదే తంతు, వాళ్ల డూప్లెక్స్‌లో ‘ప్లెక్స్’ మడతే. సంస్కృతం ఒక్కటే కాస్త పక్కకి వెళ్లింది, ద్విగుణంలో గుణం అంటే తాడు పోగు.

రాజరాజ చోళుడి బిరుదు ‘ముమ్ముడి’ని మాత్రం ఇందులో కలపకండి. అది మూడు కిరీటాలు, ముడి వేరు మడి వేరు. ఎవరో ఒకరు కలుపుతారని ముందే చెబుతున్నా.

ల్యాబ్‌కోటు

మావయ్య గారూ, అంతా బాగుంది గానీ దాసు గారి గడిలో ఏం రాయాలి? ‘పది రెట్లు పెరిగింది’ అని రాస్తే లెక్క తప్పుతుంది. 5 ఉన్నది టెన్‌ఫోల్డ్ అయితే 50. ‘పది రెట్లు పెరిగింది’ని కొందరు 5కి ఇంకో 50 కలిసిందనుకుంటారు, అంటే 55. ‘పది రెట్లయింది’ అంటే గొడవ లేదు.

ల్యాబులో మాకు రోజూ ఇదే పని. జ్వరం వస్తే రాయించే వైడాల్ (టైఫాయిడ్ పరీక్ష) రిపోర్టు చూశారా? 1:20, 1:40, 1:80, 1:160 అని ఉంటుంది. సీరాన్ని, అంటే రక్తంలోంచి వేరుచేసిన పలచటి ద్రవాన్ని, ఒక్కో గొట్టంలో అంతకు ముందు దానికి సగం గాఢతకి పలచన చేసుకుంటూ పోతాం. ప్రతి మెట్టూ టూఫోల్డ్. ఎంత పలచన చేసినా ఇంకా గడ్డలు కడుతున్న ఆఖరి గొట్టం నంబరే రిపోర్టులో పడుతుంది.

ప్రొటీన్ ఫోల్డింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. శరీరంలో ప్రొటీన్ తయారయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన పొడుగాటి గొలుసు అది. గొలుసుగా ఉన్నంతసేపూ దానితో పని జరగదు. మెలికలు తిరిగి, తన మీద తను ముడుచుకుని, ఒక ఆకారానికి వచ్చాకే పనిచేస్తుంది. ఏ గొలుసు ఏ ఆకారంలోకి ముడుచుకుంటుందన్నది దాని వరసలోనే రాసి ఉంటుందని చూపించినందుకు ఆన్‌ఫిన్సెన్‌కి 1972లో నోబెల్ వచ్చింది. వరస చూసి ఆకారం చెప్పడం అన్న చిక్కు మాత్రం ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు సతాయించింది. ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చాక చాలా ప్రొటీన్లకి ఆ పని నిమిషాల్లోకి వచ్చింది. దాని వెనకున్న హస్సాబిస్, జంపర్‌లకీ, కొత్త ప్రొటీన్లని డిజైన్ చేసిన బేకర్‌కీ కలిపి 2024 రసాయన నోబెల్ ఇచ్చారు. మన దగ్గర జి.ఎన్. రామచంద్రన్ 1963లోనే మద్రాసులో కూర్చుని, గొలుసులో ఒక్కో కీలు ఏయే కోణాల్లో తిరగగలదు, ఏ కోణాల్లో అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి అని పటం గీసిచ్చారు. ఇప్పటికీ ఎవరైనా కొత్త ప్రొటీన్ ఆకారం తేలిస్తే ముందు రామచంద్రన్ పటంలో పెట్టి చూసుకుంటారు. ఆయనకి నోబెల్ రాలేదు, ఆ కోపం నాకు ఎప్పటికీ పోదు.

దీనికి ‘మడత’ అనే మాట నాకు నచ్చదు. మడతంటే గీత ఉండాలి. ఇది ముడుచుకోవడం.

కొత్తసభ్యుడు_77

ఒక డౌటు. కాగితాన్ని పదిసార్లు ఫోల్డ్ చేస్తే పది పొరలు రావు కదా, 1024 వస్తాయి. మరి టెన్‌ఫోల్డ్ పది రెట్లెలా అవుతుంది?

ల్యాబ్‌కోటు

అక్కడ లెక్కపెడుతున్నది పొరల్ని, మడతపెట్టిన సార్లని కాదు. పది పొరలైతే టెన్‌ఫోల్డ్. మీరు చెప్పిన 1024 పొరలూ మామూలు కాగితంతో చేతులతో అవ్వవు, ఏడో మడతకే చేతులెత్తేస్తారు. 2002లో అమెరికాలో బ్రిట్నీ గాలివన్ అనే హైస్కూలు అమ్మాయి పొడవాటి టాయిలెట్ పేపర్ చుట్ట పరిచి, ఒకే దిక్కున మడుస్తూ 12 మడతలు వేసింది. ఊరికే మడవలేదు, ఎంత మందానికి ఎంత పొడవు కావాలో ముందు సూత్రం కట్టింది.

ఫారంలెక్క

ఆ అమ్మాయి దాకా ఎందుకు, మీ అల్మారాలో ఉన్న తెలుగు పుస్తకం లోపలి పేజీ తీయండి. ‘డెమీ 1/8’ అని ఉంటుంది. నలభై ఏళ్లు ప్రెస్సులో చేశాను, చెబుతా వినండి.

డెమీ అన్నది కాగితం సైజు, 17.5 అంగుళాలు 22.5 అంగుళాలు. ఒక మడత వేస్తే 2 ఆకులు. రెండో మడతకి 4. మూడో మడతకి 8 ఆకులు, అంటే 16 పేజీలు. ఆ 1/8 ఇదే. ఈ 16 పేజీల కట్టని ఫారం అంటాం. 160 పేజీల పుస్తకం అంటే పది ఫారాలు. రచయితలు ‘ఎన్ని పేజీలొస్తుందండీ’ అని అడిగితే మేం ‘ఎన్ని ఫారాలో చెప్పండి’ అని అడిగేది అందుకే. నూట అరవై మూడు పేజీలు అంటే మాకు తలనొప్పి.

అసలు కిటుకు అచ్చు వేసేటప్పుడుంది. షీటు ఒక పక్క ఎనిమిది పేజీలు, రెండో పక్క ఎనిమిది. 1 పక్కన 2 ఉండదు, 16 ఉంటుంది. సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. మూడు మడతలూ పడి అంచు కోశాకే వరస కుదురుతుంది. కొత్త కుర్రాడు చేరగానే ఒక తెల్లకాగితం ఇచ్చి, మడిచి, మూలల్లో నంబర్లు వేసి, విప్పి చూడమనేవాణ్ణి. మడత ఒక్కటి అటుదిటు వేస్తే 5వ పేజీ తర్వాత 12 వస్తుంది. అలాంటి పుస్తకాలు మీ అందరి ఇళ్లలోనూ ఒకటైనా ఉంటుంది, రచయిత ప్రయోగం అనుకుని చదివేసి ఉంటారు.

రాళ్లసీమ

ప్రెస్సు పెద్దాయన పలక గురించి కూడా చెప్తారేమోనని చూశా. చెప్పలేదు కాబట్టి నేనే చెబుతా. భూగర్భశాస్త్రం నా వృత్తి.

బడి పుస్తకాల్లో ‘ముడుత పర్వతాలు’ చదివే ఉంటారు. ఇండియా ఉన్న భూఫలకం దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాని గుద్దుకుంది. మధ్యలో ఉన్న సముద్రపు అడుగు పొరలు నలిగి, ముడతలు పడి పైకి లేచాయి, అవే హిమాలయాలు. ఎవరెస్టు కొన మీద ఉన్నది సముద్రంలో పుట్టిన సున్నపురాయే.

మనకీ ముడతలున్నాయి, అంతకంటే ఎంతో పాతవి. గండికోటకి వెళ్లినవాళ్లు పెన్నా లోయ గోడ చూసి ఉంటారు, ఇడ్లీ పాత్రలో రేకుల్లా రాతి పొరలు ఒకదాని మీద ఒకటి తిన్నగా పేర్చి ఉంటాయి. అక్కడ ముడత దాదాపు లేదు. కడప బండలు అంత నున్నగా, చదునుగా లేచి వస్తాయంటే కారణం అదే. అదే కడప బేసిన్‌లో (ఈ రాతి పొరలు పేరుకున్న పాతకాలపు పల్లం) తూర్పుకి, నల్లమల వైపు వెళ్లండి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి పొరలన్నీ ఒంగి, నిలబడి, కొన్నిచోట్ల తిరగబడి ఉంటాయి. మా లెక్కలో దాని పేరే నల్లమల ఫోల్డ్ బెల్టు.

పలక సంగతి ఇక్కడే. మార్కాపురం పలకరాయి ఈ ముడతల బెల్టులోదే. మెత్తటి బురద రాయిని పక్కల నుంచి గట్టిగా నొక్కితే లోపలి ఖనిజాల రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా, ఒకే దిక్కుకి తిరుగుతాయి. అందుకని ఆ దిక్కులో ఉలి పెట్టి కొడితే పల్చటి పలకలుగా చీలుతుంది. చీలేది బురద పేరుకున్న పొరల వెంట కాదు, ముడత పడ్డప్పుడు పుట్టిన దిక్కు వెంట. మార్కాపురం పలక మీద అఆలు దిద్దినవాళ్లంతా నల్లమల మడతల మీద రాసినవాళ్లే.

పద్మ_బొటిక్

రాళ్లు నలిగినా పరవాలేదు, పట్టుచీరలు నలిగితే నా దగ్గరికే వస్తారు. ఒక్క మాట చెప్పి వెళ్తా. పట్టుచీరని ఏళ్ల తరబడి ఒకే మడతలో బీరువాలో ఉంచకండి. జరీ ఆ గీత వెంటే చిట్లుతుంది. మూడు నాలుగు నెలలకోసారి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. దాసు గారూ, మీ షీటులో ‘ప్లీట్స్’ వస్తే కుచ్చిళ్లు, ‘క్రీజ్’ వస్తే ఇస్త్రీ గీత. అన్నిటికీ మడత అని రాసేయకండి.

డబ్బింగ్‌దాసు

అందరికీ దండాలు. కోఆర్డినేటర్‌ని బతిమాలితే మార్కస్ సీను వరకు క్లిప్పు పంపారు. పేకాట కాదు, వ్యాపారం కాదు. పోలీసులు రాత్రంతా ప్రశ్నలు వేశారు, తెల్లారేసరికి వాడు దారికొచ్చాడు. దీనికి ‘ఒప్పుకున్నాడు’ అని రాస్తే సరిపోతుందా?

పాతడెస్కు

సరిపోదు. ఒప్పుకోవడం తర్వాతి మెట్టు. ఫోల్డ్ అవ్వడమంటే పట్టు సడలింది అన్నంతవరకే, నేరం ఒప్పుకున్నాడో పక్కవాడి పేరు చెప్పాడో ఇంకా తెలీదు. ‘కాళ్లబేరానికి వచ్చాడు’ అంటే వాడే బతిమాలినట్టు. ‘కక్కేశాడు’ అంటే విషయం బయటపడిపోయినట్టు. ‘చేతులెత్తేశాడు’ అంటే నా వల్ల కాదన్నట్టు. నా ఓటు ‘మెత్తబడ్డాడు’కి.

డబ్బింగ్‌దాసు

మాట బాగుంది బాబాయ్ గారూ, పెదాలు ఒప్పుకోవు. క్లిప్పులో ఆ నటుడి మొహం తెర నిండా ఉంది. ‘హీ ఫోల్డెడ్’ అన్నప్పుడు కింది పెదవి పళ్లకి తగులుతుంది గానీ, రెండు పెదాలూ ఎక్కడా మూసుకోవు. ‘మెత్తబడ్డాడు’లో మ దగ్గర ఒకసారి, బ దగ్గర ఒకసారి పెదాలు కలవాలి. నోరు తెరిచి ఉంటే లోపల్నుంచి ‘మ’ వినిపిస్తే చూసేవాడికి తేడా కొడుతుంది.

మందవెనక

‘దిగొచ్చిండు’ అనరాదా? మా దిక్కు ఎవడన్నా మొండికేసి తర్వాత లొంగితే అదే అంటం.

డబ్బింగ్‌దాసు

‘దిగొచ్చాడు.’ ద, గ, చ, డ. ఒక్కచోట కూడా పెదాలు కలవవు! నిడివి కూడా సరిపోయింది. మందవెనక అన్నా, నీకు రుణపడ్డాను. గడి నింపేశా.

ఇంకొక్కటి మిగిలింది. తర్వాతి సీనులో ‘షీ స్టాండ్స్ దేర్, ఆర్మ్స్ ఫోల్డెడ్’ అని ఉంది. నమస్కారం పెట్టిందా?

మిన్నెసోటా_మావయ్య

కాదు కాదు. ‘ఆర్మ్స్ ఫోల్డెడ్’ అంటే చేతులు కట్టుకుని నిలబడటం. ‘విత్ ఫోల్డెడ్ హ్యాండ్స్’ అంటే మన ఇంగ్లీషులో దణ్ణం పెట్టి, చేతులు జోడించి అని. ఇక్కడివాళ్లకి ఆ మాట వింటే వేళ్లలో వేళ్లు పెట్టుకుని ఒళ్లో పెట్టుకున్న చేతులే గుర్తొస్తాయి. పైగా చేతులు కట్టుకోవడం మన దగ్గర పెద్దల ముందు అణకువ, ఇక్కడ ‘నీ మాట నేను వినను’ అన్న బింకం. ఆవిడ మొహం చూసి రాయి.

డబ్బింగ్‌దాసు

మొహం చూశాను, మండిపోతోంది. పైగా ఎదురుగా ఉన్నది మార్కస్. ‘చేతులు కట్టుకుని గుడ్లురుముతోంది’ అని బ్రాకెట్లో పెట్టి పంపేస్తున్నా, డబ్బింగ్ చెప్పే అమ్మాయికి పనికొస్తుంది.

కొత్తసభ్యుడు_77

సీరియల్ ఎప్పుడొస్తుందన్నా? ఆ ‘దిగొచ్చాడు’ వినాలని ఉంది.

డబ్బింగ్‌దాసు

చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు తమ్ముడూ.

నిర్వాహకుడు

దీన్ని ‘అనువాద చిక్కులు’ విభాగంలోకి మారుస్తున్నాను. పలకలు, పూతరేకుల ముచ్చట్లు అక్కడ కొనసాగించుకోండి.